హద్దు రాయి ఎక్కడుంది?

కిందటేడు మే నెలలో, అమెరికాలోని ఫ్రిస్కోలో మా బిడ్డ ఇంట్లో భోజనాల బల్ల ముందు కూర్చుని డీఎన్‌ఏ పరీక్ష కోసం ఒక చిన్న గొట్టంలో ఉమ్మి నింపాను. అరగంట ముందు నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. పొద్దున చాయ్ పడని నోరు ఎండిపోయి ఉంది. గొట్టం మీద ఒక గీత ఉంటుంది. ఉమ్మి అక్కడిదాకా రావాలి, నురగ లెక్కకు రాదు. నా మనవరాలు, 9 ఏళ్ల పిల్ల, గొట్టానికి కళ్లు ఆనించి "ఇంకొంచెం తాతయ్యా, గీత దాకా రాలేదు" అంటూ నిలబడింది. ఆ పిల్ల కోసమే ఇదంతా. వాళ్ల బడిలో ఒక రోజు పిల్లలంతా తమ పెద్దలు ఏయే దేశాల నుంచి వచ్చారో పటం మీద రంగులేసుకుని వచ్చి, అందరి ముందు నిలబడి చెప్పాలట. పక్కన కూర్చునే పిల్ల పటంలో ఐర్లండ్ ఉంది, ఇటలీ ఉంది, జర్మనీ ఉంది, పడమటాఫ్రికాలో ఒక ముక్క ఉంది.

ఫలితం వచ్చేసరికి నేను మా ఊరు తుర్కయంజాల్‌కు తిరిగొచ్చేశాను. ఒకరోజు పొద్దున్నే వీడియో కాల్ వచ్చింది. పటంలో దక్షిణ భారతం మొత్తం ఒకే ఆకుపచ్చ. మిగతా ప్రపంచమంతా తెల్లకాగితం. "తాతయ్యా, మనకు ఒకటే రంగు" అంది పిల్ల. ఆ గొంతు నాకు ఇంకా వినిపిస్తూనే ఉంది. పండగనాడు అందరికీ కొత్త బట్టలు వచ్చి తనకు రాని పిల్ల గొంతు అది.

నేను 34 ఏళ్లు సర్వే శాఖలో పనిచేసినవాణ్ణి. ఇబ్రహీంపట్నం, మంచాల వైపు నేను తొక్కని గెట్టు తక్కువ. పొలం కొలవమని ఎవరొచ్చినా నేను మొదట అడిగే మాట ఒకటే: హద్దు రాయి ఎక్కడుంది? రాయి దొరికాకే గొలుసు పరిచేది. టిప్పన్‌లో, అంటే కొలతల పటంలో, గీత ఎంత చక్కగా ఉన్నా, లెక్క ఎంత సరిగ్గా కట్టినా, రాయి జరిగి ఉంటే కొలతంతా జరిగిపోతుంది. మనవరాలి పటం చూసిన రోజున కూడా నాకు ముందు తోచింది అదే. వీళ్లు ఎక్కడి రాయి పట్టుకుని మమ్మల్ని కొలిచారు?

అప్పటి నుంచి ఈ సంగతి చదువుతూనే ఉన్నాను. 2000లో ప్రిచర్డ్, స్టీఫెన్స్, డోనెలీ అనే ముగ్గురు డీఎన్‌ఏ పోలికలు లెక్కగట్టే 'స్ట్రక్చర్' అనే ప్రోగ్రాం తయారు చేశారు. 2009లో అలెగ్జాండర్, నొవెంబ్రే, లాంగే కలిసి 'అడ్మిక్స్చర్' తెచ్చారు. అదే తరహా లెక్కను ఇది చాలా వేగంగా చేస్తుంది. డీఎన్‌ఏలో మనిషికీ మనిషికీ తేడా వచ్చే లక్షల చోట్లను ముందు చిప్ చదువుతుంది. ఒక్కో చోట ఒక్కో అక్షరం కొన్ని జనాల్లో ఎక్కువ, కొన్ని జనాల్లో తక్కువ. ఒక చోటు చూసి ఏమీ చెప్పలేం, లక్షల చోట్లు కలిపి చూస్తే పోలిక తేలుతుంది. ఆ పోలికలను ఎన్ని కుప్పలు పోయాలన్నది మాత్రం మనిషే చెప్పాలి. మూడంటే మూడు, పదహారంటే పదహారు. ప్రోగ్రాం ప్రతి మనిషినీ ఆ కుప్పల మధ్య పంచి, మొత్తం 100కు సరిపెడుతుంది. 'తెలియదు' అనే గడి అందులో ఉండదు. మనకు సరైన కుప్ప లేకపోతే, ఉన్నవాటిలో దగ్గరివాటికి మనల్ని పంచేస్తుంది.

మా బిడ్డ నా డేటాను కంపెనీ నుంచి దించుకుని, జెడ్‌మ్యాచ్ అనే సైట్‌లో పెట్టింది. మన ఉపఖండం వాళ్ల కోసమని జాక్ అజ్మల్ తయారు చేసిన 'హరప్పావరల్డ్' లెక్క అందులో ఉంది. దానికి 16 గడులు. నా వరుసలో 'సౌత్ ఇండియన్' 57, 'బలోచ్' 33, మిగతా పదీ చిల్లరగా అక్కడక్కడ. బలోచ్ అనే మాట చూసేసరికి ఇంట్లో అందరికీ హుషారొచ్చింది. మనవరాలు బలూచిస్తాన్‌కు ఎర్ర రంగు వేస్తానంది. మా తమ్ముడి కొడుకు ఫోన్ చేసి "పెదనాన్నా, మనవాళ్లు గుర్రాల మీద వచ్చిండ్రన్నమాట" అన్నాడు.

వాళ్ల సంతోషం చెడగొట్టడం ఇష్టం లేకపోయినా చెప్పక తప్పలేదు. బలోచ్ గడి నిండితే మనకు బలోచ్ తాత ఉన్నట్టు కాదు. వేల ఏళ్ల కిందట ఇరాన్ వైపు పాత జనంతో బంధం ఉన్న ఒక పోలిక బలోచ్, బ్రాహుయీ లాంటి వాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి ఆ గడికి ఆ పేరు పెట్టారు. ఆ పోలిక కశ్మీరీకీ ఉంటుంది, గుజరాతీకీ ఉంటుంది, మనకూ ఉంటుంది. బ్రాహుయీలు మాట్లాడేది ద్రావిడ భాష. ఆ ముచ్చట నాకు ఎంత ఇష్టమైనా, దాన్ని పట్టుకుని చుట్టరికం కలపలేం.

ఆ పేరే ఎందుకు పడిందంటే, మళ్లీ రాయి దగ్గరికే రావాలి. ప్రపంచ జనాలను పోల్చడానికి శాస్త్రవేత్తలు చాలాకాలం వాడుకున్న నమూనా ఒకటుంది, హ్యూమన్ జీనోమ్ డైవర్సిటీ ప్యానెల్ అని. వెయ్యిమందికి పైగా మనుషులు, 52 సమూహాలు. మన ఉపఖండం నుంచి అందులో చేరినవాళ్లంతా పాకిస్తాన్ వాళ్లే: బలోచ్, బ్రాహుయీ, మక్రానీ, సింధీ, పఠాన్, హజారా, బురుషో, కలాష్. భారతదేశం నుంచి ఒక్క సమూహమూ లేదు. ఊరి పొలిమేర అవతల పాతిన రాయి పట్టుకుని ఊరంతా కొలిచినట్టు.

తర్వాత మనవాళ్లూ చేరారు. ఎలా చేరారో చూడండి. 2015లో పూర్తయిన 'వెయ్యి జీనోముల ప్రాజెక్టు'లో 26 సమూహాల నుంచి 2,504 మంది ఉన్నారు. వాళ్లలో 102 మంది తెలుగువాళ్లు. ఆ సమూహం గుర్తు ఐటీయూ, అంటే యూకేలో ఉంటున్న భారతీయ తెలుగువాళ్లు. గుజరాతీలను హ్యూస్టన్‌లో తీసుకున్నారు, శ్రీలంక తమిళులను బ్రిటన్‌లో. ఈ డేటా అందరికీ తెరిచిపెట్టి ఉంటుంది కాబట్టి, ప్రపంచంలో ఎక్కడెక్కడి పరిశోధకులో 'తెలుగు' అనే మాటకు నమూనాగా పట్టుకునేది ఆ 102 మందినే. మన హద్దు రాయి గోదావరి ఒడ్డునా లేదు, కృష్ణ ఒడ్డునా లేదు, బ్రిటన్‌లో ఉంది. రక్తమిచ్చిన ఆ 102 మందికీ నేను దండం పెడతాను. అయితే విమానమెక్కి బ్రిటన్ చేరగలిగిన తెలుగువాళ్లలో ఎవరెవరు ఉంటారో, ఎవరెవరు ఉండరో మనకు తెలియనిది కాదు. నల్లమలలోని ఒక చెంచుపెంట నుంచి అందులో ఒక్కరైనా ఉంటారని నేననుకోను. ఇప్పుడిప్పుడే రాళ్లు ఇక్కడా పాతుతున్నారు. 'జీనోమ్ ఇండియా' పేరుతో 20 సంస్థలు కలిసి దేశమంతటా 10 వేల మంది జీనోములు చదివి, 2025 జనవరిలో డేటాను పరిశోధకులకు అందుబాటులో పెట్టాయి.

రాయి తర్వాత కాలం. ఈ లెక్కలు ఈమధ్యకాలపు తాతలను ఎలా పట్టుకుంటాయో అర్థం కావడానికి నాకు మా పహాణీయే సాయపడింది. మా ముత్తాత పేరున ఒకే సర్వే నంబర్‌లో 12 ఎకరాలుండేవి. ముగ్గురు కొడుకులకు నాలుగేసి వచ్చాయి. మా తాత తన నాలుగూ నలుగురు కొడుకులకు ఎకరం చొప్పున పంచాడు. నంబర్ పక్కన ఒక గీత, గీత పక్కన అ, ఆ, ఇ, ఈ. మా నాయన ఎకరం మా ముగ్గురికి 13 గుంటల చిల్లర చొప్పున వచ్చింది, నంబర్ పక్కన ఇంకో గీత పడింది. ఇప్పుడక్కడ 200 గజాల ప్లాట్లు, ప్లాటుకో గేటు. చూసేవాడికి ముక్క సైజును బట్టే తెలిసిపోతుంది, పంపకం ఎన్ని తరాల కింద మొదలైందో.

క్రోమోజోములూ అంతే. ప్రతి తరంలోనూ తల్లివైపు వచ్చినదీ తండ్రివైపు వచ్చినదీ కొన్ని చోట్ల తెగి, అటుదిటూ ఇటుదటూ అతుక్కుని కిందికి దిగుతాయి. ముత్తాత ఆఫ్రికా మనిషైతే ముక్కలు ఎకరాల్లో దొరుకుతాయి. 20 తరాల వెనకటివాడైతే గజాల్లోకి వచ్చేస్తాయి. ఇంకా వెనక్కిపోతే ఏ ముక్క ఎవరిదో విడదీయడం కష్టం. మరో సంగతి చదివినప్పుడు నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. పదో తరం వెనక్కి పోతే మనకు 1,024 మంది అవ్వతాతలు ఉండాలి. ఆ తరం నుంచి మన దాకా వచ్చే ముక్కలు మాత్రం దాదాపు 757 అని డేవిడ్ రైక్ తన పుస్తకంలో లెక్క చెప్పాడు. కొన్ని వందల మంది అవ్వతాతల నుంచి మనకు ఒక్క ముక్కా అందలేదన్నమాట. వాళ్లలో ఏ ఒక్కరు లేకపోయినా మనం లేం. మా దగ్గర దాయాదులను పాలోళ్లంటారు, పాలు పంచుకున్నవాళ్లని. పాలు రానంత మాత్రాన ఆ అవ్వలు మనవాళ్లు కాకుండా పోతారా?

ప్రపంచపు ముక్కలు నిజంగా పెద్దవిగా దొరికే మనుషులు హైదరాబాద్‌లోనే ఉన్నారు. ఏసీ గార్డ్స్ అనే బస్తీ పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చింది. ఆ సిపాయిల పిల్లల పిల్లలు ఇప్పటికీ అక్కడున్నారు. చాంద్రాయణగుట్ట దాటితే బార్కస్, యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిల బ్యారక్స్. హబ్సిగూడలోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ వాళ్లు 2011లో కర్ణాటక, గుజరాత్ సిద్దీల మీద చేసిన పరిశోధన అచ్చయింది. ఆఫ్రికా ముక్కల పొడుగును బట్టి, ఇక్కడివాళ్లతో కలయిక సుమారు 8 తరాల కిందట, అంటే 200 ఏళ్ల కిందట జరిగిందని తేల్చారు. ఈ పనిముట్టు పుట్టింది ఇలాంటి ప్రశ్నల కోసమే అనిపించింది నాకు.

మా ఊరి పేరు సంగతి కూడా చెప్పాలి. తుర్కయంజాల్‌లో మొదటి మాట తుర్క. మధ్య ఆసియా తుర్కుల పేరు తెలుగు నోట్లో నలిగి తురక అయింది, తుర్క అయింది. సాగర్ రోడ్డు మీద మమ్మల్ని దాటి రాగన్నగూడ, మన్నెగూడ మీదుగా పోతే ఇబ్రహీంపట్నం. ఆ ఊరి పేరులో ఉన్న గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షానే మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. ఆయన తండ్రి సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్‌లో పుట్టిన 'నల్ల గొర్రెల' తుర్క్‌మాన్ వంశస్థుడు. నా డీఎన్‌ఏలో తుర్కు ముక్క ఒక్కటి లేదు. నేను 34 ఏళ్లు రాసిన కాగితాల్లో మాత్రం ఆ కొలువుల పారసీ దారిన వచ్చిన జమాబందీ, దస్తూరీ, తక్సీం. నా నోటికి ఉన్న చుట్టాలు నా రక్తానికి లేరు.

మనవరాలికి ఇంకొక పటం కూడా చూపించాను. ప్రపంచం మనలోకి రాకపోతే రాకపోయింది, మనవాళ్లు ప్రపంచంలోకి పోయారు. 1860 నవంబర్‌లో మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ 342 మందిని డర్బన్‌లో దించింది. చెరకు తోటల కూలీలు. ఆ తర్వాత వరుసగా ఎన్నో ఓడలు పోయాయి, వాటిలో తెలుగువాళ్లున్నారు. మారిషస్‌కు అంతకు ముందే పోయారు. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఓడెక్కినందుకు అక్కడ మనవాళ్లకు కోరంగీలని పేరు. రంగూన్‌లోనూ అదే పేరు. 1903 నుంచి మద్రాసు ఓడలు ఫిజీకి పోయాయి. ఆ కూలీల రిజిస్టర్లలో పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చలు రాసేవాళ్లు. ఊరి పేరు తెల్లదొర చెవికి వినపడ్డట్టు రాసుకోవడంతో ఎన్నో దారులు అక్కడే తెగిపోయాయి. వాళ్ల మునిమనవలు ఈ రోజు గొట్టంలో ఉమ్మితే తేలే దక్షిణ భారతపు పొడుగు ముక్కలు మనవి. కాగితం తెగిన చోట అవి దారి చూపించగలవు. ఆ ముక్కలకు ఇక్కడి నుంచి జోడు దొరకాలంటే ఇక్కడివాళ్లూ పరీక్ష చేయించుకోవాలి కదా అని మా బిడ్డ అంటుంది. నిజమే. కానీ ఒకరి ఉమ్మిలో పదిమంది గుట్టు ఉంటుంది. 2023లో '23 అండ్ మీ' కంపెనీ నుంచి దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి, 2025 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. మా వాళ్లెవరికీ నేను చేయించుకోమని చెప్పలేదు.

ఇంతవరకూ దూరం ముచ్చట. నన్ను కదిలించింది దగ్గరితనం.

పరీక్ష చేసిన కంపెనీ మనతో డీఎన్‌ఏ కలిసినవాళ్ల జాబితా కూడా ఇస్తుంది. నా జాబితాలో షికాగోలో ఉండే మా చిన్నాన్న కొడుకున్నాడు, అట్లాంటాలో ఉండే మా మేనమామ కొడుకున్నాడు. ఇద్దరి పక్కనా ఒకటే మాట, ఫస్ట్ కజిన్. మనకు ఒకడు తమ్ముడు, ఒకడు బావమరిది. ఒకడి చెల్లెను చెల్లె అంటాం, ఇంకొకడి చెల్లెను మరదలంటాం. పెండ్లిళ్లు, వరసలు, పండగనాటి పరాచికాలు, కర్మనాడు భుజం పట్టే మనుషులు, అన్నీ ఈ తేడా మీదే నిలబడ్డాయి. కంపెనీ లెక్కకు ఆ తేడా తెలియదు. మామూలుగా ఇద్దరితోనూ మనకు కలిసేది 8లో 1 వంతే. తెలుగు భాష ఇద్దరి మధ్య గోడ కట్టింది, ఆ లెక్కకు అక్కడ గోడే లేదు.

జెడ్‌మ్యాచ్‌లో ఇంకొక పనిముట్టు ఉంది. దాని పేరే 'మీ తల్లిదండ్రులు చుట్టాలా?' అని. తల్లి నుంచి వచ్చిన ముక్కా తండ్రి నుంచి వచ్చిన ముక్కా పొడుగునా అచ్చంగా ఒకేలా ఉన్న చోట్లను అది ఏరి చూపిస్తుంది. నా క్రోమోజోముల బొమ్మలో అలాంటి పట్టీలు ఒకటి కాదు, రెండు కాదు. మా అమ్మ మా నాయనకు మేనమామ కూతురని నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. మేనమామ పిల్లకూ మేనత్త కొడుక్కూ పుట్టినవాళ్లలో అలాంటి భాగం లెక్క ప్రకారం 100కు 6.25 ఉండాలి. నాకు 9 దాటింది. మిగతాది ఎక్కడిది?

ఈ మార్చిలో ఒక మధ్యాహ్నం అమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. ఆమెకు 84 ఏళ్లు. చెల్లె పక్కన కూర్చుని పెంకులు ఒలుస్తోంది. చెల్లెకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. ఇంట్లో మేమంతా చేతులతో, కళ్లతో మాట్లాడుకుంటూ పెరిగాం. అమ్మను మా పెద్దల పెండ్లిళ్లు అడిగాను. అమ్మ గింజల కుప్పలోంచి ఒకటి తీసి గచ్చు మీద పెట్టింది. "గిది నువ్వు." పైన రెండు గింజలు, తానూ నాయనా. వాటిపైన నాలుగు, అవ్వలూ తాతలూ. ఆ పైవరుసలో ఎనిమిది రావాలి. మా తాత అమ్మానాయనలకు రెండు పెట్టింది. మా నాయనమ్మ అమ్మానాయనలకు రెండు పెట్టింది. అమ్మ వాళ్ల నాయన దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగింది. "ఆళ్లను మల్ల పెట్టాల్నా? నాయినమ్మా, మా నాయినా అక్కాతమ్ముండ్లే గద. ఆళ్లు గాడ ఉన్నరు." అమ్మమ్మ అమ్మానాయనలకు రెండు. ఆరుతో ఆ వరుస అయిపోయింది. ఇంకా పైకి పోదామంటే అమ్మ నవ్వింది. "మా అమ్మను మా నాయిన చేసుకున్నది మేనమామ వరస కొడుకా. మా అమ్మమ్మ ఎవరనుకుంటున్నవ్? మా నాయినకు అక్క." చింతపండు తడి అంటిన వేలితో గచ్చు మీద గీత గీస్తూ పోయి, మళ్లీ అదే రెండు గింజల దగ్గర ఆపింది.

ఒకే జంట మూడు చోట్ల. నాయనమ్మ తల్లిదండ్రులుగా ఒకసారి, అమ్మ తండ్రికి తల్లిదండ్రులుగా ఒకసారి, అమ్మమ్మకు తాత అమ్మమ్మలుగా మరోసారి. జేబులోంచి పెన్ను తీసి లెక్క వేశాను. 16లో 1, దానికి 32లో 1 కలిపితే 32లో 3. అంటే 9.375. యంత్రం ఫ్రిస్కో ఉమ్మిలో చదివిందీ, అమ్మ తుర్కయంజాల్ గచ్చు మీద గీసిందీ ఒక్కటే. ఇన్నేళ్ల సర్వేలో పాత టిప్పన్‌కూ కొత్త కొలతకూ ఇంత బాగా కలవడం నేను రెండు మూడు సార్లకు మించి చూడలేదు.

ఇది మా ఒక్క ఇంటి ముచ్చట కాదు. సీసీఎంబీ లాల్జీ సింగ్, తంగరాజ్‌లు హార్వర్డ్ వాళ్లతో కలిసి 2009లో 25 సమూహాల నుంచి 132 మందిని చదివి, మనమంతా కనీసం రెండు పాత జనాల కలయిక అని చూపించారు. 2013లో 73 సమూహాల మీద చేసిన పనిలో ఆ కలయిక 4,200 ఏళ్ల నుంచి 1,900 ఏళ్ల కిందటి వరకూ సాగిందని లెక్కగట్టారు. పై కులమనీ కింది కులమనీ లేకుండా దాదాపు అందరిలోనూ ఆ కలయిక గుర్తులున్నాయి. ఆ తర్వాత పెండ్లిళ్ల తలుపులు మూసుకున్నాయి. మాది కలవని రక్తమని గొప్పలు చెప్పే ఏ కులానికీ అందులో రుజువు లేదు. తలుపులు మూసుకున్న తర్వాతి కథ కూడా డీఎన్‌ఏలో ఉంది. 2017లో 263 సమూహాలను చూస్తే 81 సమూహాల్లో కొద్దిమంది పెద్దల నుంచే దిగిన గుర్తు ఫిన్లండ్ వాళ్లకన్నా, అష్కెనాజీ యూదులకన్నా ఎక్కువగా కనపడింది. మన వైశ్యుల సంగతి ఇందులో పేరుపడింది. ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు కొద్ది నిమిషాల్లో విరిగిపోవాలి. దాన్ని విరిచే ఎంజైమ్ వాళ్లలో కొందరికి ఉండదు, ఆపరేషన్ అయ్యాక కూడా ఊపిరి తీసుకోలేరు. ముందే తెలిస్తే డాక్టర్ వేరే మందు ఇస్తాడు, మనిషి బతుకుతాడు. దేశాల పటం కన్నా నాకు ఇది వెయ్యి రెట్లు విలువైన మాటగా అనిపిస్తుంది.

ఆ మధ్యాహ్నమే అమ్మ గింజల వైపు చూస్తూ చెల్లె సంగతి ఎత్తింది. 60 ఏళ్లుగా ఆమె మనసులో ఉన్న ముల్లు నాకు ఆ రోజే తెలిసింది. "చెల్లె కడుపుల ఉన్నప్పుడు గ్రాణం పట్టింది. అత్త చెప్పింది లేవొద్దని. నేను యాది మరిచి ఆనపకాయ కోసిన. కత్తి పట్టిన. గందుకే బిడ్డకు చెవులు పోయినయ్."

ఆనపకాయతో ఏమీ కాలేదని, గ్రహణానికీ చెవులకూ సంబంధం లేదని చెప్పాను. కొన్ని జన్యువులు ఒక కాపీ చెడితే ఊరుకుంటాయి, రెండూ చెడితేనే పైకి వస్తాయి. జన్యువుల వల్ల వచ్చే పుట్టుచెవుడులో చాలావరకు అలాంటిదే. పైనున్న ఆ ఇద్దరిలో ఎవరో ఒకరి దగ్గర చెడిన కాపీ ఒకటి ఉంటే, అది మూడు దారుల్లో దిగి మా ఇంట్లో కలుసుకోవచ్చు. చెల్లెకు ఆ పరీక్ష చేయించలేదు, అందుకే అలాగే జరిగి ఉండొచ్చనే చెప్పాను. అమ్మ చాలాసేపు గింజలను చూసింది. తర్వాత అడిగింది. "అయితే మీ నాయినను చేసుకునుడే తప్పంటవా?"

ఏ పుస్తకంలోనూ దీనికి జవాబు రాసిలేదు. అంకెలు చెప్పాను. ఏ ఇంట్లోనైనా 100 మంది పిల్లల్లో ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో ఏదో ఒక లోపం ఉంటుంది, దగ్గరి మేనరికంలో అది నలుగురైదుగురు కావచ్చు, మిగతావాళ్లంతా బాగానే ఉంటారు అన్నాను. అమ్మకు అంకెలు పట్టలేదు. "మూగపిల్ల పుట్టిందని పరాయోళ్లయితే నన్ను పుట్టింటికి తోలేద్దురు. మా అత్త నాకు మేనత్త. ఒక్క మాట అనలే. బిడ్డను ఎత్తుకొని ఊరంత తిప్పింది" అంది. చెల్లె చెవులను మూసి ఉంటే మూసిందీ, ఆమెను ఒళ్లో పెట్టుకుందీ ఆ దగ్గరితనమే. ఏ గడిలోనూ ఈ రెండో సగం ఉండదు. ఈ కాలంలో మా ఇంట్లో ఎవరైనా మేనరికం మాటెత్తితే నేను వద్దనే అంటాను, ముందు డాక్టర్ దగ్గరికి పొమ్మంటాను. కానీ అమ్మ చేసింది తప్పని అనడానికి నాకు నోరు రాదు.

చెల్లె నా మోచెయ్యి తట్టి, ఈ గింజలేంటని అడిగింది. అమ్మ చేతులతో చెప్పింది: మీసం తిప్పితే తాత, బొట్టు చూపితే అవ్వ. చెల్లె అర్థమైనట్టు తలూపి, కుప్పలోంచి నిగనిగలాడే గింజ ఒకటి ఏరుకుని నా గింజ పక్కన పెట్టింది.

అంతలో ఫ్రిస్కో నుంచి కాల్ వచ్చింది. ఫోన్ కిందికి వంచి గచ్చు చూపించాను. "ముత్తవ్వా, నేనెక్కడున్నాను?" అని అడిగింది పిల్ల. అమ్మ నా గింజ కింద నా బిడ్డకొకటి, దాని కింద మనవరాలికొకటి పెట్టింది. మా అల్లుడిది శ్రీకాకుళం వైపు, మాతో ముందు ఏ చుట్టరికమూ లేదు. అతని కోసం ఇంకొకటి పెట్టి, దానిపైన రెండు, ఆ పైన నాలుగు పేర్చడం మొదలుపెట్టింది. ఆ వైపు ఏ గింజా పాత గింజల దగ్గరికి తిరిగి రావడం లేదు. వరుస గడపదాకా పాకింది. చెల్లె కుప్పలోంచి గింజలు తెచ్చి అందిస్తోంది. నాలుగో గింజ దగ్గర అమ్మకు పేరు తట్టలేదు.

"మీ నాయినను పిలువు బిడ్డా" అంది ఫోన్‌లోకి. "ఆళ్ల నాయినమ్మ పేరేందో అడుగుత."

పిల్ల "నాన్నా" అని అరుస్తూ లోపలికి పరుగెత్తింది. అమ్మ గుప్పిట్లో గింజలు పట్టుకుని ఫోన్ వైపు చూస్తూ కూర్చుంది.